పద్యం తేటగా వినిపించాలంటే... ‘క్రాసోవర్’ సరిచూడాలి!

జాతర సాయంత్రం. చెరువు గట్టు కింద పద్యనాటకం. కృష్ణ పాత్రధారి రాగం తీస్తున్నాడు. తబలా దెబ్బకు గుండె అదురుతోంది గాని పద్యంలో ఒక్క మాటా తెలియడం లేదు. కాసేపటికి పైనున్న హారన్లు గరగరమని మూగబోతాయి. జనం చేత తిట్లు తినేది మైకు సెట్టు అతనే. తెల్లవారి విప్పి చూస్తే యూనిట్లలో డయాఫ్రంలు మాడిపోయి వుంటాయి. వచ్చిన కిరాయి కాస్తా రిపేరుకే పోతుంది.

ఇలాంటప్పుడు చాలాసార్లు తప్పు పెట్టెలది కాదు. వాటి ముందుండే ‘క్రాసోవర్’ను సరిగా పెట్టకపోవడమే కారణం.

బియ్యం, నూకలు, తవుడు

వెనకటి మైకు సెట్టుకు యాంప్లిఫయరు, రెండు బాకాలు చాలేవి. ఇప్పుడు బేసు పెట్టెలు, మిడ్ స్పీకర్లు, హారన్లు వేర్వేరుగా వచ్చాయి. మనిషి చెవికి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వినిపిస్తాయి. ఈ కంపనాలనే హెర్ట్జ్ అంటారు. ఇదంతా ఒకే స్పీకరు గట్టిగా పలకలేదు. రైసుమిల్లు జల్లెడ బియ్యాన్ని, నూకలను, తవుడును వేరు చేసినట్లు క్రాసోవర్ ధ్వనిని విడదీస్తుంది. బరువు స్వరం బేసుకు, మాట మిడ్‌కు, సన్న స్వరం హారన్‌కు పంపుతుంది. మిక్సరుకూ యాంప్లిఫయర్లకూ మధ్య దీనిని కలపాలి.

హద్దు ఎక్కడ?

బేసుకూ మిడ్‌కూ మధ్య హద్దు సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర పెట్టవచ్చు. మిడ్‌కూ హారన్‌కూ మధ్య హద్దును మాత్రం హారన్ యూనిట్ తయారీదారు ఇచ్చిన అంకెను బట్టే పెట్టాలి. 1,500కు తక్కువ వద్దని వారు అంటే అంతకు దిగరాదు. కొన్ని మిషన్లకు ‘పది రెట్లు’ బొత్తాం వుంటుంది. అది నొక్కడం మరిస్తే 1,500 కావలసిన హద్దు 150 అయి కూర్చుంటుంది. బరువు స్వరమంతా హారన్ మీద పడి యూనిట్ కాలిపోతుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిని లింక్‌విట్జ్, రైలీ అనే ఇంజనీర్లు 1976లో ప్రకటించారు. ఇందులో హద్దు 1,500 అయితే, 750 దగ్గర హారన్‌కు చేరే శక్తి 250వ వంతు కన్నా తక్కువ. యూనిట్‌కు అదే రక్ష.

కలిపే వరుస

యాంప్లిఫయర్లు ఆపి, నాబ్‌లన్నీ తగ్గించి తీగలు కలపండి. ఏ తీగ దేనికో చీటీ అంటించండి. హారన్‌ను కలిపే ముందు దాని యాంప్లిఫయరుకు బేసు పెట్టెను తగిలించి సన్నగా వినండి. తబలా గుమ్ముమంటే తీగలు తారుమారైనట్లే. సన్నని చప్పుడు మాత్రమే వస్తే యాంప్లిఫయరు ఆపి హారన్ తగిలించవచ్చు.

ముందు మిక్సరు, తరువాత క్రాసోవర్, చివరకు యాంప్లిఫయర్లు వేయాలి. ఆపేటప్పుడు యాంప్లిఫయర్లే ముందు. లేకుంటే ‘ఢబ్’మనే దెబ్బకు స్పీకర్లు పాడవుతాయి.

ఒకరిని మైకులో మాట్లాడమని ముందు మిడ్‌ను, ఆపైన హారన్‌ను, చివరకు బేసును కొద్దికొద్దిగా పెంచండి. గొంతు బోలుగా వినిపిస్తే ఏదో ఒక స్పీకరుకు ప్లస్సు, మైనస్సు తీగలు తిరగబడ్డాయేమో చూడండి.

రాత్రి పది దాటితే

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకు పెట్టడానికి ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వేయరాదు. బేసు గోడలను కూడా దాటిపోతుంది కాబట్టి పసిపిల్లలు, జబ్బు మనుషులు వున్న ఇళ్ళ వైపు పెట్టెలు తిప్పకపోవడం మంచిది.

అన్నీ అయ్యాక స్టేజి దగ్గరే నిలబడకుండా జనం చివరి దాకా నడిచి వెళ్ళి వినండి. అక్కడ చాప మీద కూర్చున్న ముసలవ్వ పద్యం విని తల వూపిందంటే క్రాసోవర్ కుదిరినట్లే.