విద్యుత్తు కోతకు మూలమెచ్చట?

విద్యుచ్ఛక్తిని ధాన్యమువలె గాదెలో పోసి నిలువచేయుట సులభము కాదు. ఏ క్షణమున ఎంత వినియోగమగునో ఆ క్షణమున అంతయు ఉత్పత్తి కావలెను. ఉత్పత్తి చాలనిచో జనరేటర్ల వేగము మందగించి, సెకనుకు 50 ఉండవలసిన పౌనఃపున్యము పడిపోవును. అది మితిమీరి పడిపోయినచో యంత్రములు ఒకదానివెంట నొకటి ఆగి దేశమంతయు చీకటి కావచ్చును. ఆ ప్రమాదమును తప్పించుటకే కొన్ని ప్రాంతములకు వంతులవారీగా సరఫరా నిలిపివేయుదురు.

మరి ఉత్పత్తి ఏల చాలదు? దక్షిణాఫ్రికా దేశమున బొగ్గు సమృద్ధిగా కలదు. 1923లో స్థాపింపబడిన ‘ఎస్కామ్’ అను ప్రభుత్వ సంస్థ అచ్చటి విద్యుత్తులో అధికభాగమును ఉత్పత్తి చేయుచున్నది. అయినను ఆ దేశము ఏండ్ల తరబడి కోతల ననుభవించినది.

ఉన్న కేంద్రములు 2007 ప్రాంతమునకు చాలవని 1998లోనే ప్రభుత్వ విధానపత్రము హెచ్చరించినది. నిర్ణయము మాత్రము ఆలస్యమైనది. మెడూపి అను పెద్ద కేంద్రపు నిర్మాణము 2007లో గాని ఆరంభము కాలేదు. అందలి యూనిట్లన్నియు సిద్ధమగునప్పటికి 2021 వచ్చినది. ఈలోగా 2008 జనవరిలో, బొగ్గు నిలువలు తగ్గియుండుటచేతను, ఉన్న బొగ్గు వానలకు తడియుటచేతను కోతలు తీవ్రమై బంగారు గనులు కొన్ని దినములు పని నిలిపినవి.

పాత యంత్రములపై భారము పెరిగినది. మరమ్మతు చేయవలెనన్న యంత్రము నాపవలెను. ఆపినచో ఆనాడే కోత. అందుచే మరమ్మతులు వాయిదాపడినవి. నేటి చిన్న లోపము రేపటి పెద్ద లోపమై, చెప్పకయే యంత్రము నాపినది. 2023లో ఎస్కామ్ ఉత్పాదకశక్తిలో నూటికి ఇంచుమించు 55 వంతులే అందుబాటులో నుండెను. ఆ ఏడు 300 దినములకు మించి కోతలు జరిగినవి.

క్రొత్త యంత్రమైనను క్రమము తప్పిన నిలువదు. పెద్ద జనరేటర్లను చల్లబరచుటకు హైడ్రోజను వాయువును వాడుదురు. దానిని తొలగించునపుడు మొదట బొగ్గుపులుసు వాయువును నింపి, హైడ్రోజను పూర్తిగా పోయిన పిదపనే గాలిని విడువవలెను. ఏలనన, గాలిలో హైడ్రోజను నూటికి 4 మొదలు 75 వంతులవరకున్న మిశ్రమము ప్రేలునట్టిది. 2021 ఆగస్టులో మెడూపి నాలుగవ యూనిటున హైడ్రోజను మిగిలియుండగనే గాలి ప్రవేశించి జనరేటరు ప్రేలిపోయినది. నిర్ణీత పద్ధతిని పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలినది. ఆ యూనిటు మరల పనిచేయుటకు 2025 వరకు పట్టినది.

2024 మార్చి చివరనుండి పదినెలలు కోతలు లేకుండెను. అనుకొన్న ప్రకారము మరమ్మతులు జరుపుటయు, ప్రజలు సౌరఫలకముల నమర్చుకొనుటయు అందులకు తోడ్పడినవి. 2025 జనవరి 31న కోత మరల వచ్చినది. పదునేండ్లు సాగిన అలక్ష్యము పది నెలలలో పూర్తిగా తీరునది కాదు.