గోడ మీద లెక్క రాద్దాం - బోరు ఎండకుండా చూద్దాం

ఒకే వాగు కింద పది బోర్లుంటే, పది రకాల లెక్కలుంటాయి. ఎవరి నీళ్లు వారివే అనుకుంటాం. కానీ అడుగున ఉన్న నీరు ఒక్కటే. రబీలో ఒకరు రెండెకరాల వరి నాటితే, ఫిబ్రవరి, మార్చిలో పక్క చేని వేరుశనగ కాయ ఊరే దశలో ఎండిపోవచ్చు. తగువు అక్కడే మొదలవుతుంది. అప్పు చేసి ఇంకో బోరు వేసినా తోడేది ఆ నీటినే గదా! లెక్క అందరి కళ్లెదుట ఒకేచోట ఉంటే సగం తగువు ముందే తీరుతుంది.

ఏడు జిల్లాల అనుభవం

ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 2003 తర్వాత కొన్నేళ్లపాటు రైతులే ఈ పని చేసి చూపారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన పథకం అది. వానను, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టాన్ని రైతులే కొలిచి ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ బలవంతం చేయలేదు. లెక్క చూసి ఎవరి నిర్ణయం వారే తీసుకున్నారు.

మీరూ ఇలా చేయండి

* రచ్చబండ దగ్గర గోడకు నల్లరంగు వేయించండి. సుద్దముక్క చాలు.
* 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ప్రతి బోరు దగ్గరా చూడండి. 100 సెకన్లయితే సెకనుకు 2 లీటర్లు. మోటరు రోజుకు 7 గంటలు నడిస్తే 50,400 లీటర్లు.
* ఎకరాలో ఒక మిల్లీమీటరు తడికి సుమారు 4,000 లీటర్లు కావాలి. అంటే ఆ బోరు నీరు ఎకరాకు రోజుకు 12 మిల్లీమీటర్లు. రబీ వరికైతే ఎకరంతో సరి. అదే ఆరుతడి వేరుశనగైతే రెండెకరాలు పారుతుంది.
* గోడ మీద మూడు గడులు గీయండి: చేయాల్సినవి, నడుస్తున్నవి, అయిపోయినవి. నీటి వంతు, కాలువ పూడిక, మోటరు మరమ్మతు, ఫారంపాండ్ పని - ఒక్కోదాని పక్కన చేసేవారి పేరు, తేదీ రాయండి. పని ముందుకు పోతే గడి మార్చండి.
* చదువు రానివారికి రంగులు వాడండి. నీరు నిలకడగా ఉంటే ఆకుపచ్చ, తగ్గుతుంటే పసుపు, అడుగంటితే ఎరుపు.

ఈ జాగ్రత్తలు మరవకండి

కొలత ఒక్కరికే వదలొద్దు. ఇద్దరు కలిసి కొలవాలి, వారిలో ఒకరు మహిళ అయితే మంచిది. తప్పు రాశారని అనుమానం వస్తే గోడ దగ్గర వాదించుకోకుండా అందరూ బోరు దగ్గరకే వెళ్లి మళ్లీ కొలవండి. పని ఆగిపోయిన వారి పేరు చూసి నవ్వొద్దు. ఎందుకు ఆగిందో అడిగి, వీలైతే చేయి వేయండి. వారానికోసారి పాలకేంద్రం దగ్గర కలిసే వేళకే బోర్డు దిద్దుకుంటే వేరే మీటింగు అక్కర్లేదు.

ఈ లెక్క నారు పోయకముందే పూర్తి కావాలి. నాటిన తర్వాత గోడ మీద ఎంత రాసినా మడిలోని వరి ఆరుతడి పంటగా మారదు.