అమెరికాలో ఏడాది చదువు.. మొదటి వారం కాదు, ఆ తర్వాతే అసలు పరీక్ష! ఎక్స్ఛేంజ్ స్టూడెంట్స్, పేరెంట్స్ తెలుసుకోవాల్సినవి ఇవే

శ్రావణ మాసం వచ్చిందంటే ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. దాదాపు అదే టైమ్‌లో అమెరికాలో స్కూళ్లు తెరుస్తారు. ఈ పల్లెల నుంచి ఓ అమ్మాయి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా అక్కడికి వెళ్లిందనుకుందాం. విమానం దిగాక ఆమెకు ఎదురయ్యేదేంటి?

ఇది అందని కలేం కాదు. 2023 సెప్టెంబర్‌లో ఏపీ ప్రభుత్వ బడుల నుంచి 10 మంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి వెళ్లొచ్చారు. వాళ్లలో కర్నూలు జిల్లాకూ చోటు దక్కింది. అయితే అది కొద్ది రోజుల టూర్. ఏడాది ఉండటం వేరే లెక్క.

ఏడాది ప్రోగ్రామ్ అంటే?

కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ, షార్ట్‌గా 'యస్'. అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ ఇది. ఎంపికైన పిల్లలు ఓ అమెరికన్ కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్లో చదువుతారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా దీని ద్వారా వెళ్లొచ్చారు.

కష్టం ఎప్పుడు మొదలవుతుంది?

మొదట్లో అంతా కొత్త, అంతా సరదా. ఆ తర్వాతే దిగులు పట్టుకుంటుంది. నార్వేకు చెందిన సామాజిక శాస్త్రవేత్త లిస్‌గార్డ్ 1955లోనే ఈ విషయం చెప్పారు. అమెరికా వెళ్లొచ్చిన నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్లతో ఆయన మాట్లాడారు. మొదట బాగుండటం, మధ్యలో కుంగిపోవడం, మళ్లీ కోలుకోవడం.. ఇదీ ఆయన గమనించిన వరస. అందరికీ ఇదే వరసలో జరగదని, కొందరికి మొదటి రోజులే కష్టమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఏదేమైనా, మధ్యలో దిగులు పడితే పిల్ల ఓడిపోయిందని కాదు.

మొహమాటం పడితే పస్తే!

మన దగ్గర 'వద్దులే' అంటే ఇంకో జొన్న రొట్టె వేస్తారు. అక్కడ ఒకసారి వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు. ఆకలేస్తే అడగాలి. చలేస్తే ఇంకో దుప్పటి అడగాలి. పాఠం అర్థం కాకపోతే చెయ్యెత్తి చెప్పాలి. అక్కడ అడగడం తప్పు కాదు, అడగకపోతేనే ఎవరికీ తెలియదు.

ఫోన్ ఎప్పుడు చేయాలి?

న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మనకు ఉదయం ఆరున్నర అయితే అక్కడ ముందురోజు రాత్రి 9 లేదా 8. ఇద్దరికీ కుదిరే టైమ్ ఇదే. రోజూ గంటలకొద్దీ ఫోన్‌లోనే ఉంటే మనసు ఇక్కడే ఉండిపోతుంది. వారంలో ఏ రోజుల్లో మాట్లాడాలో ముందే అనుకోవడం మేలు.

ఇంకోటి.. 'తిన్నావా?' అంటే 'తిన్నా' అంటుంది. అక్కడితో మాట అయిపోతుంది. 'ఈ రోజు ఎవరితో కూర్చొని తిన్నావు?' అని అడిగి చూడండి. ఒంటరిగా ఉందో లేదో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఇబ్బందైతే ఎవరికి చెప్పాలి?

అమెరికా హైస్కూల్ ఎక్స్ఛేంజ్ రూల్స్ ప్రకారం ప్రతి విద్యార్థికీ ఒక లోకల్ కోఆర్డినేటర్ ఉంటారు. కనీసం నెలకోసారి విద్యార్థితో మాట్లాడాల్సిందే. ఉంటున్న ఇంట్లో సమస్య ఉంటే దాచకుండా వాళ్లకు చెప్పాలి. అవసరమైతే ఇల్లు మారుస్తారు. అత్యవసరమైతే 911కు కాల్ చేయాలి.

మన పిల్లల బలం ఇదే

ఆదోని, ఎమ్మిగనూరు వైపు అమ్మానాన్న సుగ్గికి పోతే హాస్టల్లోనో, అవ్వ దగ్గరో ఉండి చదువుకున్న పిల్లలు చాలామంది. ఇంటికి దూరంగా ఉండటం వాళ్లకు కొత్త కాదు. పైగా ఇది కర్ణాటక బోర్డర్. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకో భాష మాట్లాడే అలవాటు చిన్నప్పటి నుంచే ఉంటుంది. తప్పులొచ్చినా సరే మాట్లాడేయడం వీళ్లకు తెలుసు. అక్కడ పనికొచ్చేది అదే.

తిరిగొచ్చాక కూడా జాగ్రత్త

ఏడాది తర్వాత ఇంటికొస్తే సొంతూరే కొత్తగా అనిపిస్తుంది. దీన్ని రివర్స్ కల్చర్ షాక్ అంటారు. అప్పుడు 'అమెరికా పోయొచ్చి మారిపోయింది' అని దెప్పకండి. నాలుగు రోజులు పక్కన కూర్చొని, చెప్పేది వినండి.