ముగ్గులో దాగిన ఫిజిక్స్!

ఎంపీసీ అనగానే మనకు గుర్తొచ్చేది ఇంజినీరింగే. కానీ అందులోని ‘ఎం’నీ ‘పీ’నీ కలిపి చదివి, ప్రపంచం మెచ్చే శాస్త్రవేత్త అయ్యారు కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం. లెక్కలతో ప్రకృతి గుట్టు విప్పే ఆ చదువు కథేంటంటే...

ఫలితాలొచ్చాయంటే చాలు... విజయవాడ కూడళ్లు ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. ఆ హడావుడిలో ఏ కుర్రాడో ‘నాకు లెక్కలూ ఫిజిక్సూ చదవాలనుంది నాన్నా’ అన్నాడనుకోండి... ‘అది చదివితే ఏమొస్తుందిరా?’ అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అది కాదనలేని ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే ఓ వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

కృష్ణా జిల్లా టు కలకత్తా

భగవంతం 1909లో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ చేశారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సీవీ రామన్ తన ప్రఖ్యాత ‘ఎఫెక్ట్’ను కనిపెట్టారు. ఇరవయ్యేళ్లు నిండకుండానే, అదే సంవత్సరం ఆయన ప్రయోగశాలలో చేరిపోయాడీ కృష్ణా జిల్లా కుర్రాడు. కాంతి కణానికి ‘స్పిన్’ అనే గుణం ఉందనడానికి ప్రయోగపూర్వక ఆధారం చూపుతూ గురువుతో కలిసి పరిశోధన పత్రం రాశారు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికది వాల్తేరులో ఉంది కానీ, 1926లో మొదలైంది మాత్రం మన బెజవాడలోనే!

అక్కడే ఆయనకు గణితశాస్త్రవేత్త టి.వెంకటరాయుడు తోడయ్యారు. ఒకరిది ఫిజిక్సు, మరొకరిది లెక్కలు. ఇద్దరూ కలిసి పట్టుకున్న ఆయుధం... గ్రూప్ థియరీ.

తిప్పినా మారదు!

పేరు చూసి కంగారు పడక్కర్లేదు. సంక్రాంతికి వాకిట్లో వేసే నాలుగు మూలల ముగ్గును తలచుకోండి. దాన్ని పావు వంతు తిప్పితే? అలాగే కనిపిస్తుంది. సగం, ముప్పావు తిప్పినా అంతే. మధ్యలో నిలువుగానో అడ్డంగానో ఐమూలగానో అద్దం పెట్టి చూసినా మారదు. అసలు కదపకపోవడాన్ని కూడా కలిపితే, ఇలా మార్పు తెలియని పనులు మొత్తం ఎనిమిది. ఏ రెండు పనుల్ని వెంటవెంటనే చేసినా, ఆ ఎనిమిదిలోనే మరొకటి వస్తుంది. అలాంటి కుదురైన కుటుంబాన్నే గణితంలో ‘గ్రూప్’ అంటారు. ఇరవై ఏళ్లకే కన్నుమూసిన ఫ్రెంచి యువకుడు ఎవరిస్త్ గాల్వా సమీకరణాల కోసం వాడిన ఆలోచన ఇది. వందేళ్ల తర్వాత ఫిజిక్సుకు తాళంచెవి అయింది.

ఎలాగంటారా? సోడాలో బుడగలు తెప్పించే కార్బన్ డయాక్సైడ్‌నే తీసుకోండి. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్... మూడు పరమాణువులూ ఒకే వరసలో ఉంటాయి. ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం తొమ్మిది కదలికలు. అందులో మొత్తంగా జరగడానికి మూడు, తిరగడానికి రెండు తీసేస్తే మిగిలే కంపనాలు నాలుగు. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి దూరం జరిగి దగ్గరయ్యే కంపనం రామన్ ప్రయోగంలో కనిపిస్తుంది, పరారుణ కాంతికి దొరకదు. మిగతా మూడూ అందుకు సరిగ్గా వ్యతిరేకం. ప్రయోగశాల గడప తొక్కకముందే ఈ సంగతి చెప్పేస్తుంది గ్రూప్ థియరీ. ఇదే లెక్కను స్ఫటికాలకు ఎలా వర్తింపజేయాలో 1939లో భగవంతం, వెంకటరాయుడు చూపించారు. 1948లో వాళ్లిద్దరూ రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

పెద్దల లెక్క తప్పింది

స్ఫటికాన్ని నొక్కితే దానిలోంచి వెళ్లే కాంతి తీరు మారుతుంది. ఆ మార్పును కొలవడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో 19వ శతాబ్దం చివర్లోనే జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పట్టిక వేశారు. దశాబ్దాలపాటు అందరూ అదే నిజమనుకున్నారు. 1942లో భగవంతం గ్రూప్ థియరీతో మళ్లీ లెక్కేశారు. ఘనాకృతి స్ఫటికాల్లో కొన్ని తరగతులకు పోకెల్స్ చెప్పిన మూడు స్థిరాంకాలు చాలవు, నాలుగు కావాలని తేల్చారు. తర్వాత జరిగిన కొలతలు ఆయన మాటనే బలపరిచాయి. పెద్దవాళ్లు చెప్పారు కదాని సరిపెట్టుకోకుండా, మొదటినుంచీ లెక్క చేసి చూడడం... ఈ చదువు నేర్పే అసలు పాఠం అదే.

మరి ఉద్యోగం?

ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా (1952-57), బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరుగా (1957-62), రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా (1961-69) పనిచేశారు. అందరికీ అంతటి అవకాశాలు రావు, నిజమే. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్ఫై దగ్గరపడుతుంది. అధ్యాపక ఉద్యోగాలకు పోటీ ఎక్కువ. ఇవన్నీ తెలుసుకునే దిగాలి. అయితే ఈ దారిలో నేర్చుకున్న గణితం, ప్రోగ్రామింగ్ వృథా పోవు. డేటా విశ్లేషణ, ఆర్థిక రంగం, అంతరిక్షం... ఎటు వెళ్లినా పనికొస్తాయి.

ఇంటర్ తర్వాత దారులూ ఉన్నాయి. తిరుపతితో సహా ఐసర్లు, భువనేశ్వర్‌లోని నైసర్, బెంగళూరు ఐఐఎస్‌సీ ఉన్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనైతే లెక్కలూ ఫిజిక్సూ కలిపే చదవొచ్చు. ఊళ్లోనే బీఎస్సీ చేసినా, ‘జామ్’ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు.

ఒక్కటే గుర్తుంచుకోవాలి. ఇంటర్లోలా నిమిషానికో బిట్టు పెట్టే చదువు కాదిది. ఒకే లెక్కతో వారం రోజులు కుస్తీ పట్టాల్సి రావచ్చు. ఆ కుస్తీలో విసుగు కాకుండా సరదా కనిపిస్తే... ఆ పిల్లాణ్నో పిల్లనో ఆపకండి. ఈసారి సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ‘దీన్ని ఎన్ని రకాలుగా తిప్పొచ్చు?’ అని అడిగి చూడండి. మొదటి పాఠం అక్కడే అయిపోతుంది!