పాత వాహనాల మరమ్మతు, మార్పిడి

ఎక్కువ సంవత్సరాలు, ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన వాహనాన్ని బాగు చేయించి నడపాలా, లేక తీసివేసి మరొకటి కొనాలా అనే నిర్ణయం సొంత వాహనంపై జీవించే వారికి తరచుగా ఎదురయ్యే సమస్య. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలోనూ, వైద్య పరికరాల పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగిన సుల్తాన్‌పూర్ పరిసరాలలోనూ సరకు రవాణాకు చిన్న ట్రాలీలు, డీసీఎంలు విస్తృతంగా వాడతారు. (డీసీఎం టయోటా కంపెనీ కనుమరుగైనా, దాని పేరు మాత్రం హైదరాబాదు ప్రాంతంలో ఒక తరహా లారీకి జాతినామంగా నిలిచిపోయింది.) వీటిలో చాలావాటికి యజమానే డ్రైవరు. కనుక బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ ఆ కుటుంబానికి ఆదాయం లేని రోజే.

ఖర్చు లెక్క

"మరమ్మతు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మివేయాలి" అని సాధారణంగా చెబుతారు. ఈ సూత్రం అసంపూర్ణమైనది. పాత బండి ధర అమ్మినప్పుడు చేతికి వచ్చే మొత్తం మాత్రమే. దానితో మరో బండి రాదు. మరమ్మతు ఖర్చును పోల్చవలసినది కొత్త బండికి నెలనెలా కట్టవలసిన మొత్తంతో.

ఉదాహరణకు, ఒక ట్రాలీ ఇంజను బోరు చేయించడానికి రూ.60,000 అవుతుందనీ, కొత్త బండికి నెల వాయిదా రూ.12,500 అనీ అనుకుందాం. మరమ్మతు ఖర్చు అయిదు వాయిదాలకంటె కొంచెం తక్కువ. నెలకు 1,500 కి.మీ. తిరిగే బండి ఆ తరువాత 60,000 కి.మీ. నడిస్తే 40 నెలలు గడుస్తాయి. అదే బండి నెలకు 4,000 కి.మీ. తిరిగేదైతే 15 నెలలకే మళ్ళీ షెడ్డుకు చేరుతుంది. అందువలన తక్కువ తిరిగేవారికి మరమ్మతు, ఎక్కువ తిరిగేవారికి మార్పిడి లాభించే అవకాశం ఎక్కువ. అయితే వాయిదాలు తీరిన పిదప కొత్త బండి ఆస్తిగా మిగులుతుందనే విషయం మరువరాదు. మొన్ననే టైర్లు వేయించామనే కారణంతో బండిని ఉంచుకోవడం మాత్రం లెక్క కాదు, మమకారం. ఆ డబ్బు ఎటు నిర్ణయించినా తిరిగి రాదు.

యాంత్రిక పరిస్థితి

మీటరులోని అంకె పూర్తి నిజం చెప్పదు. ఫ్యాక్టరీ గేటు వద్ద ఇంజను ఆపకుండా నిరీక్షించే బండికి, రద్దీలో మొదటి, రెండవ గేర్లలోనే నడిచే బండికి కిలోమీటర్లు పెరగకపోయినా అరుగుదల పెరుగుతుంది.

ఇంజను విప్పించే ముందు పొగను గమనించాలి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నట్లు. నల్లపొగకు గాలి ఫిల్టరు, ఇంజెక్టర్ల వంటి చిన్న లోపాలే కారణం కావచ్చు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. కంప్రెషన్ పరీక్ష చేయించకుండానే బోరుకు ఒప్పుకోవడం తొందరపాటు.

ఇంజను, గేరుబాక్సు, క్లచ్ మార్చదగినవి. చాసిస్ సంగతి వేరు. రసాయన పీపాలు మోసే బండ్లలో ఒలికిన ఆమ్లం తొట్టి కిందికి దిగి చాసిస్‌ను తినివేస్తుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. బరువు మోసే చోట తుప్పు లోతుగా దిగిన బండికి కొత్త ఇంజను వేయించడం వృథా, ప్రమాదకరం కూడా.

ఆర్టీసీ పద్ధతి

ఆర్టీసీ పాతబడిన దూరప్రాంత బస్సులను ఒక్కసారిగా తుక్కు చేయదు. వాటిని తక్కువ స్థాయి సర్వీసులకు మార్చుతుంది. 2020 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీ పార్సెల్ సేవలు ప్రారంభించినప్పుడు కొన్ని పాత బస్సులను సరకు బండ్లుగా మార్చింది. చిన్న యజమాని కూడా దూరపు కిరాయిలు మాని, పాత బండిని ఊరి కిరాయిలకే పరిమితం చేసుకోవచ్చు.

చట్టం

సొంత కారు, ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది; తరువాత అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించాలి. కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుండి కారు పునరుద్ధరణ రుసుమును రూ.600 నుండి రూ.5,000కు పెంచింది. 2025లో 20 ఏళ్ళు దాటిన కార్లకు దీనిని రూ.10,000 చేసింది. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ళు దాటిన పిదప ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదు. ప్రైవేటు వాహనాలకు ఈ నియమం లేదు. ఢిల్లీలో డీజిలు బండ్లకు విధించిన పదేళ్ళ పరిమితి తెలంగాణకు వర్తించదు.

బండిని తుక్కు కింద ఇచ్చేవారు 2021 నాటి నియమాల ప్రకారం అనుమతి పొందిన కేంద్రంలో ఇస్తే డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దీనిని చూపితే కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. పన్నులోనూ కొంత రాయితీ ఉంటుంది. రోడ్డు పక్క తుక్కు దుకాణంలో కాగితాలు లేకుండా అమ్మితే రికార్డులలో బండి పాత యజమాని పేరునే ఉంటుంది. దాని నెంబరు పలకను మరొకరు వాడుకుంటే పోలీసు నోటీసు కూడా ఆయనకే వస్తుంది.