ఒకే టీ, రెండు రుచులు

ఒకే గిన్నెలో అల్లం టీ కాచాం. అత్తమ్మకు సాసరులో పోశాం. మామయ్యకు పొడుగు గాజు గ్లాసులో, సగానికి పోసి ఇచ్చాం.

"చప్పగా ఉందే" అంది అత్తమ్మ.

"ఘుమఘుమలాడుతోంది" అన్నాడు మామయ్య.

తప్పు టీ కాచినామెదా? కాదు, సాసరుది!

తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్ని రుచులే నాలుకకు తెలుస్తాయి. మిగతాది చాలావరకు ముక్కు పని. జలుబు చేసినప్పుడు ఎంత మంచి కూరైనా రుచించదు కదా!

టీలోని అల్లం వాసన ఆవిరితో పైకి లేస్తుంది. గ్లాసు పైభాగం ఖాళీగా ఉంది. వాసన అక్కడ కాసేపు నిలుస్తుంది. తాగేటప్పుడు నేరుగా ముక్కుకు అందుతుంది. సాసరు వెడల్పుగా ఉంటుంది. వాసన చుట్టూ చెదిరిపోతుంది. టీ కూడా తొందరగా చల్లారుతుంది. చల్లారితే వాసన సరిగా పైకి లేవదు.

అలాగని సాసరును అటక మీద పెట్టేయకండి. పొగలు కక్కే టీ గొంతుకు మంచిది కాదు. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా ఆహారనాళానికి కేన్సరు వచ్చే ప్రమాదం ఉండవచ్చని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ చెప్పింది. తప్పు టీది కాదు, వేడిది. తొందరగా తాగి పనికి పోవాలంటే సాసరే మేలు. తీరిక ఉంటే గ్లాసులో పోసుకుని, కాస్త ఆగి తాగండి.

రేపు పొద్దున ముక్కు మూసుకుని ఒక గుక్క టీ తాగండి. తర్వాత ముక్కు వదిలి ఇంకో గుక్క తాగండి. అల్లం ఏ గుక్కలో తెలిసిందో పక్కింటామెకు చెప్పండి.