కట్లపాము దెబ్బ తీసేదెక్కడ?

వానాకాలంలో గండికోట చుట్టుపక్కల పల్లెల్లో ఉక్కకు తాళలేక నేల మీద చాప పరుచుకుని పడుకుంటారు. నిద్రలో కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. తెల్లారి కడుపునొప్పి అంటారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఆపైన గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆడదు. అప్పటికీ మనిషికి తెలివి ఉండొచ్చు. పిలిస్తే వినిపిస్తుంది గానీ పలకలేడు. మెదడు బాగానే ఉంది, కండరమూ బాగానే ఉంది. ఆ రెంటి మధ్య కబురు తెగిపోయింది.

ఆ కబురు మోసేది న్యూరాన్ అనే నాడీకణం. సైకాలజీలో చేరిన పిల్లలు మొదట గీసేది దాని బొమ్మే. మార్కులు పడతాయి గానీ అది చేసే పని ఆ బొమ్మలో కనిపించదు. ఊరికే ఉన్న నాడీకణం లోపల, బయటికంటే వోల్టేజి సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ ఉంటుంది. ప్రేరణ తగినంత ఉంటే పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. ఆ అలజడి పక్క ద్వారాలనూ తెరుస్తూ సాగిపోతుంది. సగం సంకేతం అనేది లేదు: వస్తే పూర్తిగా, లేదంటే అసలు రాదు. వేగమైన నాడుల్లో సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. చొరబడ్డ సోడియాన్ని మళ్లీ బయటికి తోడే పంపుకు ఇంధనం ఏటీపీ. 1929లో దాన్ని గుర్తించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

నాడి చివర, కండరానికి ముందు, మిల్లీమీటరులో సుమారు 20 వేలో వంతు ఖాళీ ఉంటుంది. కరెంటు దాన్ని దాటదు. నాడి కొసన ఉన్న సూక్ష్మమైన సంచులు పగిలి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికొస్తుంది. అది అవతలి గ్రాహకాలకు అంటుకుంటేనే కండరం కదులుతుంది. నాడులు రసాయనంతో మాట్లాడతాయని 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండె నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ గుండెను ముంచిన ద్రవాన్ని రెండో గుండెకు పట్టిస్తే అదీ నెమ్మదించింది.

కట్లపాము విషం ముఖ్యంగా నాడి కొసనే పాడుచేస్తుంది, సంచులు ఖాళీ అవుతాయి. నాగుపాము విషం, తాళంలో పుల్ల విరిచిపెట్టినట్టు, అవతలి గ్రాహకాలను మూసేస్తుంది. అందుకే, బయటికొచ్చిన ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలిపే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ నాగుపాము కాటుకు పనిచేసినట్టు కట్లపాము కాటుకు పనిచేయదు. పాడైన కొసలు మళ్లీ పెరిగేదాకా వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంచాల్సి రావచ్చు.

జమ్మలమడుగు శనగ చేలల్లో మరో ప్రమాదం ఉంది. క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. కబురు ఆగదు. నోట చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు, అదిరే కండరాలు, చివరికి అక్కడా ఊపిరే ఆగుతుంది. అదే ఎంజైమును అదుపుగా తగ్గించే డోనెపెజిల్‌ను అల్జీమర్స్ రోగులకు జ్ఞాపకశక్తి కోసం ఇస్తారు. నాకైతే మొత్తం పాఠంలో ఇదే అన్నిటికన్నా ఆసక్తికరం.

పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, పసరు కోసం తిరగొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. రెప్పలు వాలుతుంటే నిద్ర అనుకోవద్దు. చేలో పురుగుమందు కొట్టినవాళ్లకు తేడా చేస్తే బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, ఆస్పత్రికి ఆ మందు డబ్బా కూడా తీసుకెళ్లండి.